పదిహేడో ఆటగత్తె

ఆ పుస్తకంలో సత్యవేణికి మొట్టమొదట కనిపించింది ఒక తప్పు. నూట నలభై రెండో పేజీలో, పైనుంచి ఆరో వరుసలో, నాలుగో మలుపు అని ఉండాల్సిన చోట మూడో మలుపు అని పడింది. కాకినాడలో ఒక అచ్చాఫీసులో ఇరవై ఆరేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి ఆవిడ. ఎర్ర పెన్ను దానంతటదే చేతిలోకి వచ్చింది. ‘మూడో’ కొట్టేసి పక్కన ‘నాలుగో’ అని రాసింది. ‘వరద పడవ’ ఆటలో సుడిగుండం ఉండేది నాలుగో మలుపులో. మూడో మలుపులో ఉండేది కూలిపోయిన తాటిచెట్టు. ఒక్కసారి ఆడిన వాళ్ళెవరూ ఈ పొరపాటు చెయ్యరు.

ఆ కింది వాక్యాలు చదివాక పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“పదిహేడో ఆటగత్తె కాకినాడకు చెందిన పదహారేళ్ళ అమ్మాయి. కండరాలు క్రమంగా కరిగిపోయే జబ్బుతో ఉన్న ఈమె, చనిపోయేముందు పద్నాలుగు నెలల్లో నాలుగు వందల పదకొండు సార్లు తన పడవను కావాలనే సుడిగుండంలోకి నడిపింది. ఆమె వేళ్ళు చావును సాధన చేశాయి. ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఈమె తల్లి ఇదే ఆట మీద పుస్తకం రాసిన అభిమాని కావడం మరో విషాదం. అభిమానులు ప్రేమతో రాస్తారు. వాళ్ళకు కనిపించకపోవడానికి కారణం అదే.”

పేరు లేదు. పేరు రాయకుండా ప్రొఫెసరు గారు మర్యాద పాటించారు. కానీ ఆ ఆట మీద పుస్తకం రాసిన ఆడమనిషి కాకినాడలో ఒక్కతే ఉంది. జబ్బు చేసి పోయిన కూతురు ఉన్నదీ ఆవిడకే.

పుస్తకం పోస్టులో వచ్చింది. పేరు ‘మునిగే చేతులు’. మొదటి పేజీలో ప్రొఫెసర్ ఉపేంద్ర గారి సంతకం, దాని పైన ‘సహకరించినందుకు కృతజ్ఞతలతో’ అన్న ముక్క. సత్యవేణి ఆ పేజీని చాలాసేపు చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు. చెవుల వెనక నుంచి ఏదో వేడిగా మెడ మీదికి దిగినట్టు అనిపించింది, అంతే.

‘వరద పడవ’ పాతికేళ్ళ కిందటి ఆట. రాజమండ్రిలో ముగ్గురు స్నేహితులు తయారు చేసి, టీవీకి తగిలించుకునే చిన్న పెట్టెలో పెట్టి అమ్మారు. గోదావరికి వరద వచ్చింది. ఆడే మనిషి పడవ సరంగు. ఇంటి కప్పుల మీదా కొబ్బరిచెట్ల మీదా చిక్కుకుపోయిన లంకల జనాన్ని ఎక్కించుకుని, ఏడు మలుపులు దాటించి గట్టుకు చేర్చాలి. రిమోట్‌కు ఉన్నవి మూడే బటన్లు. ఎడమ, కుడి, చెయ్యి. మూడోది నొక్కితే సరంగు నీళ్ళలోకి చెయ్యి చాస్తాడు.

కంపెనీ మూడేళ్ళకే మూతపడింది. ఆట మాత్రం చావలేదు. పిల్లలప్పుడు ఆడినవాళ్ళు పెద్దవాళ్ళై ఒకరినొకరు వెతుక్కున్నారు. ఏ మలుపులో ఏ తెడ్డు ఎటు వెయ్యాలో ఉత్తరాలు రాసుకున్నారు, ఫోన్లలో వాదించుకున్నారు. ఆ ఉత్తరాలూ వాదనలూ పోగేసి, తను ఆడి సరిచూసుకుని, సత్యవేణి రెండు వందల పన్నెండు పేజీల పుస్తకం రాసింది. దానికి ‘ఆడినవాళ్ళ పుస్తకం’ అని పేరు పెట్టింది. కూతురు తన్మయి పడక మీద కూర్చుని ఒక్కొక్క మలుపుకూ పటం గీసిచ్చింది. పుస్తకం అచ్చయిన నాలుగు నెలలకు ఆ పిల్ల పోయింది. ఆరేళ్ళయింది.

రెండేళ్ళ కిందట సామర్లకోటలో ఆటగాళ్ళంతా కలుసుకున్నప్పుడు విశాఖపట్నం నుంచి ప్రొఫెసర్ ఉపేంద్ర వచ్చాడు. యూనివర్సిటీలో ఆటల మీద పరిశోధన చేసే విభాగానికి ఆయన పెద్ద. వెంట నస్రీన్ అనే ఇంజనీరు, ఆవిడతో పాటు కుట్టుమిషను అంత యంత్రం. అభిమానులు రాసిన పుస్తకాలన్నీ తను చదివాననీ, అవి లేకపోతే తన శాస్త్రమే లేదనీ ఆయన చేతులు జోడించి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత నస్రీన్ ఎవరిదైనా పాత రిమోట్ ఇవ్వమని అడిగింది. పిఠాపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చనిపోయిన వాళ్ళ అన్నది ఇచ్చాడు. ఆమె దాన్ని విప్పి, బటన్ల కింద ఉండే రబ్బరు బిళ్ళలు తీసి యంత్రంలో పెట్టింది. నొక్కిన ప్రతిసారీ రబ్బరులో కంటికి కనపడని ఒక ముడత పడుతుందట. ఏళ్ళ తరబడి ముడత మీద ముడత. యంత్రం రబ్బరును సన్నగా వేడి చేస్తూ ఒక్కొక్క ముడతనూ విప్పుతుంది. ఎంత గట్టిగా నొక్కారు, ఎంతసేపు నొక్కారు, అప్పుడు వేలిలో నాడి ఎలా కొట్టుకుంది, అన్నీ అందులోనే ఉంటాయి. నాడి దెబ్బలు కలిపి చూస్తే ఏ బిళ్ళ మీది నొక్కు ఏ బిళ్ళ మీది నొక్కుతో కలిసి పడిందో కూడా తెలిసిపోతుంది. ఆ ఆటలో వరద ప్రతిసారీ ఒకేలా వస్తుంది కాబట్టి, నొక్కులు తెలిస్తే ఆట మొత్తం మళ్ళీ తెర మీద నడుస్తుంది.

తెర మీద పడవ కదిలింది. మొదటి మలుపులోనే అవసరం లేకుండా ఎడమకు తిరిగింది. “మా అన్నే,” అన్నాడు పెద్దాయన. “ఎంత చెప్పినా ఎడమకే తిప్పేవోడు.”

సత్యవేణి మర్నాడే తన్మయి రిమోట్ ఇచ్చేసింది. వాళ్ళిచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది. అక్షరం అక్షరం చదవడం వృత్తి అయిన మనిషి ఆ ఒక్క కాగితం మాత్రం చదవలేదు.

*

పుస్తకం ఇంట్లో దాచాలని ఆమె అనుకోలేదు. భర్త ఈశ్వరరావు డిపో నుంచి వచ్చి చేతులకంటిన గ్రీజు కడుక్కుని కూర్చోగానే ఆ పేజీ తెరిచి ముందు పెట్టింది. ఆర్టీసీలో మెకానిక్ ఆయన. పుస్తకాలు పెద్దగా చదవడు. వేలు కింద పెట్టుకుని ఒక్కొక్క మాటా చదివాడు. చదవడం అయ్యాక కూడా వేలు అక్కడే ఉంచాడు.

“మనం చూళ్ళేదా, వేణీ?” అన్నాడు.

ఆ ప్రశ్నకు సత్యవేణి ఉలిక్కిపడింది. పద్నాలుగు నెలలు ఆ పిల్లను ఎత్తుకుని స్నానాల గదికి తీసుకెళ్ళిన మనిషి. అన్నం ముద్ద ఎంత ఉంటే మింగగలదో చేతి కొలతతో తెలిసిన మనిషి. ఒక పరాయివాడు రాసిన నాలుగు వాక్యాలు ఆయన చేత ఆ మాట అనిపించాయి. ఆమెకు అసలు కోపం వచ్చింది అప్పుడే. వచ్చి, మరి వెళ్ళలేదు.

రెండు వారాల్లో సంగతి అందరికీ పాకింది. ఆడపడుచు ఫోను చేసి, పిల్ల అంత బాధపడుతుంటే ఒక్కసారైనా తనకు చెప్పలేదేమని అడిగింది. అచ్చాఫీసులో ఆమె లోపలికి రాగానే మాటలు ఆగిపోవడం మొదలైంది. ఇరవై ఏళ్ళుగా ఆటతో తెలిసిన మిత్రులు కొందరు ఓదార్పు ఉత్తరాలు రాశారు. ఒక్కరూ ఆ మాట తప్పని రాయలేదు. యంత్రం చెప్పింది కదా, అది అబద్ధమెందుకు చెబుతుందని అందరి మనసులోనూ ఉంది. ఆ ఉత్తరాలు చదువుతుంటే తన మనసులోనూ ఉందని సత్యవేణికి తెలిసింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సమయంలోనే తుని నుంచి బేబీరాణి అనే ఆవిడ ఫోను చేసింది. అచ్చాఫీసు నంబరు పట్టుకుని చేసిందట. కూతురు రోహిణి ఆ ఊళ్ళోనే జ్ఞానతీరం అనే స్కూళ్ళవాళ్ళ హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ స్కూళ్ళలో ఈ ఏడు నుంచి పిల్లలందరి చేతా నెలకోసారి ‘వరద పడవ’ ఆడిస్తున్నారు. ఆ రిమోట్లలోని బిళ్ళలు యంత్రంలో పెట్టి చూస్తున్నారు. ఏ పిల్ల వేళ్ళు పదిహేడో ఆటగత్తె వేళ్ళలా నడిస్తే ఆ పిల్ల ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. రోహిణిని వేరే గదిలో పెట్టారు. ఫ్యాను తీసేశారు, చున్నీలు తీసేసుకున్నారు, తలుపు గడియ పీకేశారు. గుమ్మం దగ్గర ఒకావిడను కూర్చోబెట్టారు. పన్నెండు రోజులైంది.

“మా పిల్లకేటీ లేదండి,” అంది బేబీరాణి. “ఎందుకమ్మా సుడిలోకెళ్ళావంటే అక్కడ ఎర్రచీరావిడ మునిగిపోతందే అంటందండి. మీ పాప కూడా అలాగే చేసిందంటన్నారు. మీ పాప ఎందుకెళ్ళిందో మీకు తెలుసేమోనని చేశానండి.”

సత్యవేణి తనకు తెలియదని చెప్పింది. తెలుసుకుంటానని చెప్పింది.

సుడిగుండంలో ఎర్రచీర కట్టుకున్న ఒకామె తిరుగుతూ ఉంటుంది. ఆడినవాళ్ళందరికీ ఆమె తెలుసు. అందరూ ఒకటి రెండుసార్లు ఆమె కోసం వెళ్ళి, పడవ ముంచుకుని, ఆశ వదిలేసినవాళ్ళే. సత్యవేణి కూడా. తన పుస్తకం ఎనభై ఆరో పేజీలో ఆమె తేల్చి రాసేసింది: “ఎర్రచీర ఆమెను కాపాడటం సాధ్యం కాదు. ఆమెను తయారీదారులు చూడటానికే పెట్టారు. ఆమె కోసం ఆగకండి.”

*

మర్నాడు తెల్లవారగానే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళింది. ప్రొఫెసర్ ఉపేంద్ర ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఆమె టీ ముట్టలేదు. పుస్తకం తెరిచి ఎర్ర సిరాతో దిద్దిన చోటు చూపించింది.

ఆయన నొచ్చుకున్నాడు. అది చిన్న పొరపాటనీ రెండో ముద్రణలో సరిచేస్తామనీ అన్నాడు.

“మీరు ఈ ఆట ఆడారా, ప్రొఫెసరు గారూ?” అని అడిగింది సత్యవేణి.

తన పని ఆడటం కాదని ఆయన నెమ్మదిగా వివరించాడు. ఆడే మనిషి ఆటలో మునిగిపోతాడు, బయట నిలబడి చూసేవాడికే మొత్తం కనిపిస్తుంది. నాలుగు వందల మంది ఆటను తెర మీద చూశాడట. ఇక తను వేరే ఆడవలసిన అవసరమేముంది? ఆమె బాధ తనకు అర్థమవుతోందనీ, అయితే ఆ అధ్యాయం వల్ల ఎందరో పిల్లలు బతుకుతారనీ అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. దానివల్ల ఆమె కోపం రెట్టింపైంది. అబద్ధాలకోరును తిట్టి వెళ్ళిపోవచ్చు. తను చేసేది మేలని నమ్మినవాడిని ఏం చెయ్యాలి?

“తునిలో ఒక పిల్లకి పదమూడు రోజులుగా ఫ్యాను లేదు,” అంది. “అది మేలేనా?”

ఆ నిర్ణయం స్కూలువాళ్ళదనీ తనది పరిశోధన మాత్రమేననీ ఆయన చెప్పాడు. ఆమె లేచి వచ్చేసింది.

నస్రీన్ ఆమెను మెట్ల దగ్గర ఆపింది. ముప్పై దాటని పిల్ల. నిద్ర లేనట్టున్న మొహం. చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకుంది.

“మేడమ్, మేము రెండు బిళ్ళలే చదివాం,” అంది. “ఎడమది, కుడిది. పడవ ఎటు పోయిందో తెలియడానికి అవి చాలన్నారు సార్. అందరివీ రెండే చదివాం. మూడోది చదవనే లేదు.”

డబ్బాలో నల్లటి రబ్బరు బిళ్ళ ఉంది. కందిపప్పు బద్దకన్నా కొంచెం పెద్దది. చెయ్యి బటను కింద ఉండేది.

ఇంకోటి కూడా చెప్పాలని నస్రీన్ గొంతు తగ్గించింది. తన్మయి ఆటల్లో ఒకదానిలో, పడవ మునిగాక కూడా నొక్కులు ఉన్నాయి. నలభై మూడు. మునిగిపోయాక ఆట ఆగిపోతుంది కదా, ఆ నొక్కులకు అర్థం లేదనుకున్నారు. అలజడితో నొక్కి ఉంటుందని తీసేశారు. ప్రొఫెసరు గారు తియ్యమంటే స్వయంగా తనే తీసేసింది. అప్పటి నుంచి అది తనను తొలుస్తూనే ఉందట.

మూడో బిళ్ళ చదివితే తేలిపోతుంది. కానీ చదివాక ఆ రబ్బరు కొత్తదానిలా నున్నగా అయిపోతుంది. మిగతా రెండూ అలాగే అయిపోయాయి. యంత్రం నమోదు చేసుకునేవి అంకెలు. ఆ పిల్ల వేలు నిజంగా ముట్టుకుని, నొక్కి, వదిలిన గుర్తు మాత్రం ఇక ఉండదు.

“ఆ సంగతి రెండేళ్ళ కిందట నాకు ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగింది సత్యవేణి.

కాగితంలో ఉందని నస్రీన్ అనలేదు. డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

*

ఈశ్వరరావు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన గొంతు పెంచడం సత్యవేణి ఎరగదు. ఆ రోజు పెంచాడు. పిల్ల బట్టలు పంచిపెట్టేశారు. మంచం ఆసుపత్రికి ఇచ్చేశారు. ఉన్నది ఇదొక్కటి. రెండు బిళ్ళలు వాళ్ళు కాల్చేశారు, మూడోది తన భార్యే పట్టుకెళ్ళి ఇస్తానంటోంది. ఎవడో ఏదో రాశాడని, వాడికి జవాబు చెప్పడానికని.

“వాడి కోసం కాదండి,” అంది సత్యవేణి.

“మరెవరి కోసం? తెలుసుకుని ఏం చేస్తావు? వాడు రాసిందే నిజమని తేలితే?”

ఆ భయం సత్యవేణికీ ఉంది. తలుపు గడియ పీకేసిన గదిలో కూర్చున్న తుని పిల్ల గురించి చెప్పింది. ఆ పిల్లను అక్కడ కూర్చోబెట్టింది మన పిల్ల పేరు చెప్పి అని చెప్పింది. తన్మయి వేళ్ళను కొలబద్ద చేసి ఊళ్ళో పిల్లలందరినీ కొలుస్తున్నారనీ, ఆ కొలత తప్పో ఒప్పో చెప్పగలిగింది ఈ బిళ్ళ ఒక్కటేననీ చెప్పింది.

ఈశ్వరరావు డబ్బా తెరిచాడు. గ్రీజు మరకలు ఎప్పటికీ పోని బొటనవేలిని ఆ నల్లబిళ్ళ మీద ఆనించాడు. నొక్కలేదు. ఊరికే ఆనించి ఉంచాడు. కాసేపటికి డబ్బా మూసి ఆమెకిచ్చి, తనూ వస్తానన్నాడు.

*

ప్రయోగశాలలో నలుగురే ఉన్నారు. ప్రొఫెసర్ ఉపేంద్ర వెనక నిలబడ్డాడు. నస్రీన్ పట్టకారుతో బిళ్ళను యంత్రంలో అమర్చి, మొదలుపెట్టనా అని ఈశ్వరరావును అడిగింది. ఆయన తలూపాడు. కాలిన రబ్బరు వాసన కొద్దిగా వచ్చింది.

మూడు బిళ్ళల నొక్కులూ జతపడ్డాక తెర మీద ఆట మొదలైంది. వందల ఆటలు. నస్రీన్ వేగం పెంచి నడిపింది. ప్రతి ఆటలోనూ పడవ మూడు మలుపులూ చకచకా దాటుతుంది, నాలుగో మలుపులో కుడికి తిరిగి సుడిలోకి దిగుతుంది. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో లేనిది, సుడిలోకి దిగగానే సరంగు చెయ్యి చాచడం. నాలుగు వందల పదకొండు సార్లూ చాచాడు. ఒక్కసారి కూడా చాచకుండా మునగలేదు.

ఈశ్వరరావు నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది. సత్యవేణి ఆయన ముంజేయి పట్టుకుంది.

మామూలుగా ఎవరైనా మూడు సెకన్లలో చెయ్యి వదిలేస్తారు. మూడో సెకనుకు పడవలోకి నీళ్ళు వస్తాయి. చెయ్యి వదిలి పడవ తిప్పుకోవాలని ఆడేవాళ్ళ ప్రాణం కొట్టుకుంటుంది. సత్యవేణీ వదిలేసింది, ఆమెకు ఉత్తరాలు రాసినవాళ్ళంతా వదిలేశారు. తన్మయి వదల్లేదు. మొదట్లో నాలుగు సెకన్లు, తర్వాత ఐదు, ఆరు. నెలలు గడిచేకొద్దీ నొక్కులో బలం తగ్గుతోందని పక్కన అంకెలు చూపిస్తున్నాయి. సెకన్లు మాత్రం పెరుగుతున్నాయి.

మూడు వందల తొంభై ఎనిమిదో ఆటలో నొక్కు పదకొండు సెకన్లు నిలిచింది. పడవ అంచు దాకా నీళ్ళు వచ్చాయి. తెర దాదాపు నల్లబడింది. అప్పుడు ఎర్రచీర ఆమె చెయ్యి పైకి వచ్చి సరంగు చెయ్యి పట్టుకుంది. సుడి ఆగిపోయింది. ఆమె పడవలోకి ఎక్కి చీర కొంగు పిండుకుంది.

పాతికేళ్ళలో ఎవరూ చూడని బొమ్మ అది. పడవ ఏడో మలుపు దాకా, గట్టు దాకా వెళ్ళింది. సుడి నుంచి అక్కడికి సరిగ్గా నలభై మూడు నొక్కులు, అర్థం లేదని తీసేసినవే.

నస్రీన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. సత్యవేణి తెర వంకే చూస్తోంది. ఆమెకు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. అచ్చుకు వెళ్ళే చివరి ప్రూఫులు ముందేసుకుని కూర్చున్న రోజు. లోపలి గదిలోంచి తన్మయి పిలిచింది. “అమ్మా, ఒకసారి రావా, నీకోటి చూపిస్తా.” ఒక్క నిమిషం అంది తను. ఎనభై ఆరో పేజీయో ఎనభై ఏడో పేజీయో దిద్దుతోంది. వెళ్ళేసరికి తెర మీద పడవ మునిగిపోయి ఉంది. ఏం లేదులే, మళ్ళీ చూపిస్తాలే అంది పిల్ల.

ఆ తర్వాతి పదమూడు ఆటలు ఆమెకు చూపించడం కోసం. మూడు సెకన్లు, రెండు సెకన్లు, ఒకటి. వేలు ఇక సహకరించలేదు. చివరి ఆటలో నొక్కు బొటనవేలిది కాదనీ, వేళ్ళు ముడిచి కణుపుతో నొక్కినట్టుందనీ నస్రీన్ మెల్లగా చెప్పింది. చూపించలేని దాన్ని చెప్పుకోవడం ఆ పిల్లకు ఇష్టం లేకపోయి ఉంటుంది. పైగా అమ్మ పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది.

ప్రొఫెసర్ ఉపేంద్ర ఇది అసాధారణమైన విషయమన్నాడు. అయితే ఒక వివరణ రెండోదాన్ని పూర్తిగా కొట్టెయ్యదనీ, మునగాలనే కోరికా కాపాడాలనే కోరికా ఒకే చేతిలో ఉండవచ్చనీ, దీని మీద తను ఆలోచించాలనీ అన్నాడు.

సత్యవేణి ఆయన వైపు తిరిగింది.

“మీరు ఆలోచించుకోండి,” అంది. “కానీ తునికి ఇప్పుడే ఫోను చెయ్యండి. ఇక్కడే, నా ముందే చెయ్యండి. మీరు చేసేదాకా నేను ఇక్కడి నుంచి కదలను. ఈయనా కదలరు.”

ఆమె అరవలేదు. ఆయన మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈశ్వరరావు అప్పటికే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ప్రొఫెసరు ఫోను తీశాడు.

*

రోహిణిని ఆ సాయంత్రమే వదిలారు. జ్ఞానతీరం వాళ్ళు ఆ పరీక్షను ‘ప్రస్తుతానికి’ నిలిపివేస్తున్నామని అన్ని పేపర్లకూ రాశారు. క్షమాపణ అన్న మాట అందులో ఎక్కడా లేదు. సత్యవేణి రెండుసార్లు వెతికింది. పిల్ల ఇంట్లోనే ఉంటోందనీ, ఎవరు తలుపు వేసినా ఉలిక్కిపడుతోందనీ బేబీరాణి ఫోను చేసి చెప్పింది. పిల్లను అన్ని రోజులు అలా ఉంచినందుకు ఎవరు జవాబుదారీ అని జ్ఞానతీరం వాళ్ళకు సత్యవేణి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాసింది. ఇప్పుడు ప్రతి సోమవారం రాస్తోంది.

తన పుస్తకాన్నీ వదల్లేదు. మిగిలిన ప్రతులన్నీ ముందేసుకుని ఎనభై ఆరో పేజీలో తను రాసిన మూడు వాక్యాలూ చేత్తో కొట్టేసింది. పక్కన ‘ఇది తప్పు. తన్మయి కాపాడింది’ అని రాసింది. కొన్నవాళ్ళకు ఉత్తరాలు పంపింది. అంత గట్టిగా, అంత తెలిసినట్టు, ఆమె కోసం ఆగకండి అని రాసిన తన చేతిని తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ప్రొఫెసరు మీద కోపానికి హద్దు ఉంది, దీనికి లేదు. ఈశ్వరరావు మాత్రం ఆ ఆట నమోదును డిపోలో అందరికీ చూపించాడు. వాళ్ళలో ఒక్కరికీ ఆట రాదు. పదకొండు సెకన్లు అందరూ ఊపిరి బిగబట్టి చూశారట.

రెండు నెలలకు ప్రొఫెసర్ ఉపేంద్ర కాకినాడ వచ్చాడు. ఆదివారం పొద్దున, ముందుగా కబురు చేసే వచ్చాడు. మనిషి కొంచెం చిక్కాడు. రెండో ముద్రణలో ఆ అధ్యాయం మొత్తం తీసేసి కొత్తగా రాస్తానన్నాడు. పిల్ల పేరు వెయ్యడానికి అనుమతి కావాలన్నాడు. అనుమతి పత్రం తెచ్చాడు. ఈసారి అందులో ఉన్నవన్నీ తనే చదివి వినిపిస్తానన్నాడు.

సత్యవేణి ఆ కాగితం అందుకోలేదు. టీవీ పెట్టింది. పెట్టె తీసి తీగలు తగిలించింది. తన రిమోట్ ఆయన చేతిలో పెట్టింది.

“ముందు ఆడండి,” అంది.

ఆయన మొహమాటంగా నవ్వి ఈశ్వరరావు వంక చూశాడు. ఈశ్వరరావు కుర్చీ టీవీ ముందుకు జరిపాడు. ప్రొఫెసరు కూర్చుని, రిమోట్ అటూ ఇటూ తిప్పి చూసి, ఏ బటను దేనికో అడిగాడు. ఆట మీద మూడు వందల పేజీలు రాసిన మనిషి. ఆమె చెప్పింది.

మొదటి మలుపులో ఇంటికప్పు మీదున్న ముసలాయన కేకేస్తుండగానే పడవ రాయికి కొట్టుకుని మునిగిపోయింది. రెండోసారి ముసలాయనను ఎక్కించుకుని ఇద్దరూ మునిగారు. ఆరో ఆటకు ఆయన మాట్లాడటం మానేశాడు. పదో ఆటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. పదకొండో ఆటలో ఒక పసిపిల్ల దాకా చెయ్యి చాచి, పడవలోకి నీళ్ళు రాగానే తటాలున వదిలేశాడు. పిల్ల కొట్టుకుపోయింది. ఆయన రిమోట్ ఒళ్ళో పెట్టుకుని తెర వంక చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి, రాయడం ఎప్పుడు మొదలుపెట్టవచ్చని చిన్న గొంతుతో అడిగాడు.

“నాలుగో మలుపుకి చేరండి, అప్పుడు చూద్దాం,” అంది సత్యవేణి. “మళ్ళీ ఆడండి.”